పొట్టి కోనిఫర్లు పెంచబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఇంటి ముందున్న కాస్త జాగాలో పొట్టి కోనిఫర్లు (పైన్, స్ప్రూస్, ఫర్, జునిపర్ వంటి శంకువృక్షాల్లో కురచ రకాలు) నాటాలనుకుంటున్నానని, ఏవి కొనాలో, ఎంత ఎడంగా పెట్టాలో చెప్పమని రాశావు. ఎడం సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే ఈ మొక్కలతో వచ్చే చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. నర్సరీలో జానెడు ఎత్తున ముద్దుగా కనిపించే మొక్క ఆ ఎత్తు దగ్గర ఆగిపోదు. బతికినంత కాలం ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే ఆ పెరుగుదల బాగా నెమ్మదిగా సాగుతుంది. అందుకే అమెరికన్ కోనిఫర్ సొసైటీ వీటిని ఏడాదికి ఎంత పెరుగుతాయన్న దాన్ని బట్టి నాలుగు తరగతులు చేసింది. 2.5 సెంటీమీటర్ల లోపు పెరిగేవి మినియేచర్లు, అక్కడి నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెరిగేవి డ్వార్ఫ్ (పొట్టి) రకాలు, 30 దాకా పెరిగేవి మధ్య రకాలు, ఆపైన పెరిగేవి పెద్దవి. ఈ లెక్కన డ్వార్ఫ్ అని చీటీ ఉన్న మొక్క పదేళ్ళకు మోకాలి కిందే ఉండిపోవచ్చు, లేదా 1.8 మీటర్ల ఎత్తుకు చేరి కిటికీకి అడ్డం రావచ్చు. కొనేటప్పుడు ఏడాది పెరుగుదల ఎంతో, పదేళ్ళకు వెడల్పు ఎంతవుతుందో అడిగి తెలుసుకుని, ఆ వెడల్పునే రెండు మొక్కల మధ్య ఎడంగా ఉంచు. మొదటి ఏళ్ళలో నేల బోసిగా కనిపిస్తుందనుకుంటే ఆ ఖాళీలో దుంప జాతి పూలమొక్కలు వేసుకోవచ్చు గాని, మరో కోనిఫర్‌ను మాత్రం ఇరికించకు.

ఈ పొట్టితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మొక్క ముందుముందు ఎలా ప్రవర్తిస్తుందో కొంత ఊహించవచ్చు. పెద్ద చెట్టు మీద ఒక్కోసారి ఒకచోట మాత్రం కొమ్మలన్నీ కురచబడి చీపురు కట్టలా గుబురుగా పెరుగుతాయి. అలాంటి గుబురు నుంచి కొమ్మలు తీసి అంటు కట్టో, వేళ్ళు తెప్పించో పెంచిన రకాలు చాలా ఉన్నాయి. నీలిరంగు జునిపర్లలో పేరు పొందిన ‘బ్లూ స్టార్’ అలా నెదర్లాండ్స్‌లో ‘మేయరీ’ అనే పెద్ద రకం మీద పుట్టినదే. కొన్ని రకాలు విత్తన మొలకల్లో దైవికంగా దొరికాయి. ఇళ్ళ ముందు శంఖాకారంలో కనిపించే ఆల్బర్టా స్ప్రూస్ ‘కోనికా’ను 1904లో కెనడాలోని లగాన్ దగ్గర అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరీటమ్ అనే వృక్షోద్యానానికి చెందిన జె.జి. జాక్, ఆల్ఫ్రెడ్ రేడర్ గుర్తించారు. ఇలాంటివి అప్పుడప్పుడు తమ పూర్వపు గుణానికి తిరిగిపోతుంటాయి. ‘కోనికా’లో ఒక్కసారిగా పొడవైన, ఎడం ఎడంగా ఆకులున్న కొమ్మ ఒకటి దూసుకొస్తే అది బలం కాదు, మొక్క తిరిగి అడవి స్ప్రూస్ కావడానికి మొదలు. చూసిన వెంటనే దాన్ని పుట్టిన చోటికంటా కత్తిరించు, లేకపోతే కొన్నేళ్ళలో ఆ కొమ్మే చెట్టవుతుంది. మూడో తరహావి కొండల మీద సహజంగా పొట్టిగా పెరిగే జాతులు. ఐరోపా కొండల ముగో పైన్ వాటిలో ఒకటి. దీన్ని విత్తనంతో పెంచి చవకగా అమ్ముతుంటారు, కాని ఆ మొలకలు ఒకదానితో ఒకటి పోలవు. కొన్ని బుట్టంత ఉండిపోతే కొన్ని మనిషి ఎత్తు దాటిపోతాయి. ఖచ్చితంగా పొట్టిదే కావాలంటే ‘మాప్స్’ వంటి పేరున్న అంటు మొక్క కొనడమే మేలు, ధర ఎక్కువైనా సరే.

రకం నచ్చడం వేరు, నీ వాతావరణం దానికి నచ్చడం వేరు. స్ప్రూస్, ఫర్ జాతులకు చలికాలపు విశ్రాంతి కావాలి, వేసవిలో చల్లని రాత్రులు కావాలి. వేడి, ఉక్క కలిసిన చోట అవి కొన్నేళ్ళు ఈడ్చుకొచ్చి వాడిపోతాయి, ఎంత సేవ చేసినా లాభం ఉండదు. అటువంటి చోట చైనా జునిపర్ రకాలు, ప్లాటిక్లాడస్ అనే కోనిఫర్‌లో ‘ఆరియా నానా’ అనే బంగారు రంగు పొట్టి రకం, పోడోకార్పస్ వంటివి తట్టుకుంటాయి. గడ్డకట్టే చలి ఉన్న చోట కుండీలో పెంచాలనుకుంటే, నేలలో కంటే కుండీలో వేళ్ళకు చలి గట్టిగా తగులుతుందని గుర్తుంచుకుని, నీ ప్రాంతపు చలికి మించిన చలిని కూడా ఓర్చుకోగల రకాన్ని ఎంచుకో. పసుపు, బంగారు రంగు రకాలకు రంగు తేలడానికి ఎండ కావాలి, కాని మండే మధ్యాహ్నపు ఎండలో వాటి ఆకులు మాడతాయి కాబట్టి ఉదయపు ఎండ పడే చోటు చూడు. నీలి రకాలకు మాత్రం నిండు ఎండే మంచిది. వాటి నీలిరంగు ఆకు మీది మైనపు పూత వల్ల వచ్చేది. పురుగుల కోసం నూనె మందులు చల్లితే ఆ పూత కరిగి నీలిమొక్క కాస్తా పచ్చబడిపోతుంది, కొత్త ఆకులు వచ్చేదాకా ఆ రంగు తిరిగి రాదు.

వింత రకాల మీద నీకు మనసు ఎక్కువగా ఉందని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. కొరియా ఫర్‌లో ‘సిల్బర్‌లోక్’ అనేది సూది ఆకులను పైకి మెలితిప్పి అడుగునున్న వెండి రంగు చూపిస్తుంది. జపాన్ ఎర్ర పైన్‌లో ‘ఓక్యులస్ డ్రాకోనిస్’ ఆకుల మీద పసుపు పట్టీలుంటాయి, కొమ్మ చివరను పైనుంచి చూస్తే వలయాలు కనిపిస్తాయి. క్రిప్టొమేరియా అనే జపాన్ కోనిఫర్‌లో ‘క్రిస్టాటా’ కొమ్మల చివరలు కోడిజుట్టులా అతుక్కుపోయి పెరుగుతాయి. అది అందమంటారో అంగవైకల్యమంటారో చూసేవారి ఇష్టం, నాకైతే రెండోదే అనిపిస్తుంది. చిన్న జాగాలో ఇలాంటివన్నీ పక్కపక్కన పెడితే ఏదీ కంటికి ఆనదు. ముప్పాతిక భాగం నిండు పచ్చని, నిదానమైన ఆకారాలతో నింపి, వాటి మధ్య ఒకటో రెండో వింతవాటిని ఉంచు. ఇంకొక సంగతి, కోనిఫర్లన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉండవు. లార్చ్, మెటాసెక్వోయా శరదృతువులో ఆకులు మొత్తం రాల్చేస్తాయి. మెటాసెక్వోయాకు 1941లో శిలాజాల ఆధారంగా పేరు పెట్టారు, ఆ తరువాతే చైనాలో దాని సజీవ వృక్షాలు బయటపడ్డాయి. ఆకు రాల్చి నిలబడ్డ ఇలాంటి చెట్టును ఎండిపోయిందనుకుని పీకి పారేసినవాళ్ళు లేకపోలేదు.

నాటడం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కుండీలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్ళు అంచు వెంట చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వాటిని విప్పకుండా అలాగే నాటితే, పైకి బాగానే కనిపిస్తూ, కాండం లావయ్యే కొద్దీ ఆ చుట్టలే దాన్ని బిగించి కొన్నేళ్ళ తరువాత చంపుతాయి. వేరు ముద్దను నీళ్ళలో నానబెట్టి, వేళ్ళను వేలితో నెమ్మదిగా సడలించి, బయటికి పరిచి, విప్పడానికి వీలుకాని చుట్ట ఉంటే కత్తిరించు. గుంత లోతు వేరు ముద్ద ఎత్తుకు మించకూడదు గాని, వెడల్పు దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. కాండం వేళ్ళుగా విప్పారే చోటు నేల మట్టానికి కాస్త పైనే కనిపించేలా నాటు. చాలా మొక్కలు కుండీలోనే ఎక్కువ లోతుగా ఉంటాయి, అప్పుడు పైమట్టి తీసి ఆ చోటు వెతుక్కోవాలి. గుంతలో ఎరువు, కంపోస్టు దట్టించకు. మెత్తని మట్టి దొరికినంత వరకే వేళ్ళు తిరిగి, బయటి నేలలోకి పోవడానికి బద్ధకిస్తాయి. తీసిన మట్టినే తిరిగి వేయి. నాటే ముందు గుంత నింపి నీళ్ళు పోసి చూడు, మరునాటికి కూడా ఇంకకపోతే అక్కడ నాటవద్దు, లేదా చుట్టూ మట్టి పోసి ఎత్తైన దిబ్బ చేసి దాని మీద నాటు. కోనిఫర్లలో ఎక్కువ వాటికి వేళ్ళు తడిలో నానడం సరిపడదు, వేరుకుళ్ళు పట్టిందంటే తిరిగి కోలుకోవడం అరుదు.

నీటి విషయంలో మొదటి రెండు వేసవులు కీలకం. రోజూ పైపైన చిలకరించకుండా, వేరు లోతుకు తడి దిగేలా పోసి, వేలు పెడితే పైమట్టి ఆరినట్లు తెలిశాకే మళ్ళీ పోయి. మామూలు మొక్కలు నీరు చాలకపోతే ఆకు వేలాడేసి హెచ్చరిస్తాయి, కోనిఫర్ అలా చెప్పదు. ఆకులు గోధుమరంగు తిరిగేసరికి లోపల నష్టం జరిగి వారాలు గడిచిపోయి ఉంటాయి. పాదు మీద ఐదారు సెంటీమీటర్ల మందాన బెరడు ముక్కలు పరిస్తే తడి నిలుస్తుంది, కాని అవి కాండానికి ఆనుకోకూడదు. ఎరువు గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. నేల మరీ నిస్సారమైతే తప్ప వేయనక్కరలేదు, ఎక్కువ వేస్తే పొట్టి రకం కూడా పొడుగు సాగి ఆకారం చెడుతుంది.

కత్తెర పట్టే ముందు ఒక్క నియమం తెలుసుకో. పైన్, స్ప్రూస్, ఫర్, సైప్రస్ జాతులు ఆకుల్లేని పాత కొమ్మ నుంచి తిరిగి చిగురించవు. పచ్చదనం దాటి లోపలికి కోస్తే ఆ చోటు ఎప్పటికీ మోడుగానే ఉండిపోతుంది. యూ చెట్టు దీనికి మినహాయింపు, ఎంత గట్టిగా కోసినా చిగురిస్తుంది. అయితే దాని ఆకులూ గింజలూ విషపూరితం కాబట్టి పిల్లలు తిరిగే చోట వద్దు. పైన్‌ను గుబురుగా ఉంచాలంటే వసంతంలో క్యాండిల్ అని పిలిచే లేత చివురు సూదులు విప్పుకోకముందే వేళ్ళతో సగానికి తుంచాలి. ఇంతకు మించి ఆకారం కోసం కోయవద్దు, రోజూ కత్తిరిస్తేనే కుదురుగా ఉండే మొక్కను తెచ్చుకున్నావంటే రకం ఎంపికలోనే పొరపాటు ఉన్నట్లు. అంటు మొక్కలలో అంటు కిందనుంచి పిలక వస్తే వెంటనే తీసెయ్యి, అది అడుగు మొక్కది, పై రకాన్ని మించి పెరుగుతుంది.

శరదృతువులో లోపలి పాత ఆకులు పసుపుబారి రాలడం చూసి కంగారు పడకు, పైన్‌లో రెండు మూడేళ్ళ ఆకు రాలడం సహజం. కొమ్మల చివర్లు ఎండుతుంటేనే కారణం వెతకాలి. గుబురు మొక్కల లోపల రాలిన ఆకులు పేరుకుపోతే వేళ్ళతో దులిపెయ్యి, లేకపోతే గాలి ఆడక బూజు పడుతుంది. ‘కోనికా’కు ఎర్రనల్లి బెడద ఎక్కువ. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టినప్పుడు చుక్కల్లాంటివి రాలి కదులుతుంటే అదే. స్ప్రూస్ మీద వచ్చే ఈ నల్లి చల్లని రోజుల్లోనే, అంటే వసంతంలోనూ శరత్తులోనూ చురుగ్గా ఉంటుంది కాబట్టి అప్పుడే చూడాలి. మొదట్లోనే పట్టుకుంటే గట్టి నీటి ధారతో ఆకు అడుగులు కడిగినా తగ్గుతుంది.

మీ చోట చలికాలం బాగానే ఉంటుందన్నావు కాబట్టి ముందుగా ఒక ‘మాప్స్’, ఒక ‘బ్లూ స్టార్’, గాలి తగలని మూలన హినోకి సైప్రస్‌లో ‘నానా గ్రాసిలిస్’ పెట్టి, రెండేళ్ళు వాటిని చూసుకున్నాక ‘సిల్బర్‌లోక్’ సంగతి ఆలోచించు. రకం పేరు, నాటిన తేదీ, అప్పటి ఎత్తు ఒక పుస్తకంలో రాసుకుని, జాగా కొలతలూ ఎండ పడే వేళలూ నాకు పంపు. నర్సరీవాళ్ళు తీగతో కాండానికి కట్టిన చీటీ విప్పి పక్కన నేలలో గుచ్చు, తీగ అలాగే ఉంటే కాండం లావయ్యే కొద్దీ బెరడులోకి కోసుకుపోతుంది.

ఇట్లు,
మీ మామయ్య