తడిసిన సిపాయి డైరీ: ఎండలో పెట్టవచ్చా?

బరంపురం ఇంట్లో దొరికిన తాతగారి 1944 నాటి బర్మా యుద్ధ డైరీ వానకు తడిసిందని, ఎండలో పెట్టవచ్చా అని అడిగారు. వద్దండి, కాగితం వంకర్లు పోయి పెళుసవుతుంది. నీడలో ఉంచి, కొన్ని పేజీలకొకటి చొప్పున బ్లాటింగ్ పేపరు పెట్టండి. అది తడిసినప్పుడల్లా మార్చండి. అతుక్కున్న పేజీలను లాగకండి. ఊదారంగు రాత చాలావరకు కాపీయింగ్ పెన్సిలుది (తడి తగిలితే సిరాలా మారే పెన్సిలు), చెమ్మకు అక్షరం పాకిపోతుంది. కాబట్టి తెరుచుకున్న పేజీని వెంటనే ఫోటో తీయండి. తుప్పు గుండుసూదులు మెల్లగా తీసేయండి. లామినేషన్ మాత్రం అస్సలు చేయించకండి, మళ్లీ ఊడదీయలేరు.

చదివేటప్పుడు ఊరి పేర్లు లేవని నిరాశపడకండి. శత్రువు చేతికి చిక్కుతుందని చాలామంది సిపాయిలు చోటు రాసేవారు కాదు. లోపల ఉత్తరాలుంటే, ఆయన ఎక్కడున్నారో తెలుసుకోవడానికి వాటిమీది ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే తపాలా కార్యాలయం) నంబరే గట్టి ఆధారం. డైరీలో ‘పచ్చ మాత్ర’ అని ఉంటే, అది మలేరియా రాకుండా రోజూ మింగించిన పసుపురంగు మందు మెపాక్రిన్ కావచ్చు. దానితో ఒళ్లే పసుపెక్కేది.