రోజూ ఆఫీసుకి ఒకే తరహా బట్టలు: నా యూనిఫాం సంగతి

మీరు మూడు అడిగారు: పొద్దున బీరువా ముందు పోయే టైమ్ కలిసొస్తుందా, బోర్ కొట్టదా, జనం ఏమీ అనరా అని. టైమ్ తప్పకుండా కలిసొస్తుంది, దాని గురించి సందేహం వద్దు.

మాది విజయవాడ. ఆఫీసుకి నేను వేసుకునేది ఒకటే తరహా. మోకాళ్లు దాటే మంగళగిరి కాటన్ కుర్తా, మోచేతుల దాకా చేతులు, పక్కన జేబు, కింద నల్ల కాటన్ ప్యాంటు. చున్నీ లేదు. నాకు అసలు ఆలస్యమంతా చున్నీల దగ్గరే అయ్యేది. కుర్తా దొరికిన రోజు దాని చున్నీ ఇస్త్రీలో ఉండేది.

మంగళగిరి బట్ట మా ఉక్కపోతకి హాయిగా ఉంటుంది. పువ్వులూ బుటాలూ లేకుండా ఒళ్లంతా ఒకే రంగు, అంచున జరీ ఉంటుంది, అంతే. అందుకే ఏ కుర్తా తీసినా ఆ ప్యాంటు మీదకి నప్పుతుంది. మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు, నాకు 2.5 మీటర్లు సరిపోతుంది. కుట్టడానికి ఇచ్చేముందు నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుక్కే కురచవుతుంది. ముదురు రంగులు విడిగా నానబెట్టాలి.

ఒకేసారి అన్నీ కుట్టించకండి. ముందు ఒకటి కుట్టించి, వేసుకుని రోజంతా కుర్చీలో కూర్చోండి, స్కూటీ నడపండి, రెండు మూడుసార్లు ఉతకండి. అప్పటికీ నచ్చితే ఇక అదే ఆది. మళ్లీ కొలతల గొడవ ఉండదు.

ఎన్ని సెట్లు కావాలో తేల్చేది మాత్రం మీ వీధి ఇస్త్రీ బండి. కాటన్ ఇస్త్రీ లేనిదే వేసుకోలేం. బండి ఆయన బట్టలు రెండ్రోజులు ఉంచుకుంటే, వారానికి సరిపడా సెట్ల మీద ఇంకో రెండు ఉండాలి. వానాకాలంలో ఆరడానికీ టైమ్ పడుతుంది, ఇంకొకటి కలుపుకోండి.

జనం అంటారు, ఎందుకనరు? ముఖ్యంగా రంగు కూడా ఒకటే అయితే "నిన్నటిదేనా?" అని మొహం మీదే అడుగుతారు. అందుకే నేను కుట్టు మార్చను, రంగులు మారుస్తాను. (మగవాళ్లు ఏళ్ల తరబడి తెల్లచొక్కాలే వేసినా ఎవరూ అడగరు, అది వేరే సంగతి.) కొన్నాళ్లకి అందరికీ అలవాటైపోతుంది. అప్పుడింకో తమాషా, మీరు వేరేది వేసుకుంటే అదే వార్త. నిర్ణయాలు తగ్గించుకోవడానికి బూడిద రంగు, నీలం సూట్లే వేసుకుంటానని ఒబామా 2012లో చెప్పాడు. 2014 ఆగస్టులో ఒక రోజు లేత గోధుమరంగు సూటులో విలేకరుల ముందుకొస్తే ఆ సూటు మీద ఎంత చర్చో! నేను నేత చీర కట్టుకెళ్లిన రోజు మా సెక్షన్‌లో అందరూ "ఏంటండీ విశేషం?" అనే.

బోర్ అంటారా, ఈ రూలు ఆఫీసు వరకే. పెళ్లిళ్లకీ పండగలకీ పట్టుచీరలు ఉండనే ఉన్నాయి. ఎవరైనా డ్రెస్ మెటీరియల్ పెడితే ఆ ఆదికే కుట్టించేస్తాను, మరీ పువ్వులదైతే మా చెల్లికి ఇచ్చేస్తాను.