వోల్ట్రాన్‌లో లీడర్ కీతా, షిరోనా? ఎర్ర డ్రెస్‌వాడు నల్ల సింహం ఎందుకు నడుపుతాడు?

ఐదుగురు నడిపే ఐదు సింహం యంత్రాలు కలిసి వోల్ట్రాన్ అనే పెద్ద రోబో అయ్యే కార్టూన్ సీరియల్ ఇది; 1984లో ఒకటి, 2016లో ఒకటి వచ్చాయి. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. డ్రెస్ రంగు వదిలేసి, నల్ల సింహంలో ఎవరు కూర్చున్నారో చూడండి. రోబోకి మొండెం, తల ఆ సింహమే. ఎరుపు కుడిచెయ్యి, ఆకుపచ్చ ఎడమచెయ్యి, నీలం కుడికాలు, పసుపు ఎడమకాలు. 1984 సీరియల్లో ఐదూ కలిసేటప్పుడు ముందు కాళ్ళు, తర్వాత చేతులు అని పురమాయించి, తల మాత్రం తన వంతని కీత్ ఆఖర్న అంటాడు. లీడర్ ఎవరో అక్కడే తేలిపోతుంది.

ఇక ఎర్ర డ్రెస్ సంగతి. ఆ సీరియల్ అమెరికాలో పుట్టింది కాదు. జపాన్‌లో తోయే స్టూడియో వాళ్ళు 1981లో తీసిన గోలయన్ సీరియల్‌ని అమెరికా వాళ్ళు కొని, హింస ఉన్నచోట కత్తెర వేసి, పేర్లూ మాటలూ మార్చారు. బొమ్మలు మాత్రం అవే. మన కీత్ అక్కడ అకిరా కోగానే (కోగానే అంటే బంగారం). అతనికి ఎర్ర యూనిఫాం, నల్ల సింహం. నీలి యూనిఫాం లాన్స్‌ది, నడిపేది ఎర్ర సింహం. నల్ల యూనిఫాం తకాషి షిరోగానేది (వెండి అన్నమాట), నడిపేది నీలి సింహం. జపాన్ కథలో ఈ షిరోగానే చచ్చిపోతాడు. అమెరికాలో పిల్లలకి చావు చూపించలేక అతన్ని స్వెన్ చేసి ఆసుపత్రికి పంపేశారు. నీలి సింహం యువరాణి అల్లూరాకి దక్కింది. తర్వాత షిరోగానే తమ్ముడొస్తే, అతన్నే కోలుకున్న స్వెన్‌గా చూపించేశారు. గడుసువాళ్ళే!

2016లో కొత్తగా తీసిన వోల్ట్రాన్ సీరియల్ లెజెండరీ డిఫెండర్‌లో షిరో పూర్తి పేరు చూడండి: తకాషి షిరోగానే. పాత కథలో పోయినవాడే ఇక్కడ నల్ల సింహం ఎక్కాడు. మొదటి రెండు సీజన్లలో కీత్‌ది ఎరుపు, లాన్స్‌ది నీలం. రెండో సీజన్ ఆఖర్లో షిరో మాయమవుతాడు. మూడో సీజన్లో కీత్ నలుపుకి, లాన్స్ ఎరుపుకి, అల్లూరా నీలానికి మారతారు. కవచాలు మాత్రం మారవు: కీత్‌ది ఎరుపు, లాన్స్‌ది నీలం, అల్లూరాది గులాబీ. పొరపాటేం కాదు, అచ్చంగా 1984 అమరికే.

ఇక్కడి నుంచి కథ విప్పేస్తున్నాను, చూడనివాళ్ళు చివరి పేరాకి వెళ్ళండి. మూడో సీజన్లో తిరిగొచ్చిన షిరో అసలువాడు కాదు, క్లోన్. అది ఆరో సీజన్లో గానీ బయటపడదు. ఈలోగా నాలుగో సీజన్లో కీత్ బ్లేడ్ ఆఫ్ మార్మోరా అనే రహస్య దళంతో వెళ్ళిపోతాడు. అది చూసి "కీత్ లీడర్‌గా పనికిరాడు" అని చాలామంది తీర్పిచ్చేస్తారు. తొందరపాటు. అసలు షిరో వచ్చాక అట్లాస్ అనే అంతరిక్ష ఓడకి కెప్టెన్ అవుతాడు, నల్ల సింహం కీత్‌దే.

1984ది చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త. మొత్తం 124 ఎపిసోడ్లు. మొదటి 52 సింహాలవి. తర్వాతి 52 వేరే జపాన్ సీరియల్ నుంచి తెచ్చిన 15 వాహనాల వోల్ట్రాన్, లీడర్ జెఫ్. అక్కడ కీత్ కోసం వెతక్కండి, నేరుగా చివరి 20కి వెళ్ళండి. అవి అమెరికా వాళ్ళ కోసం కొత్తగా తీయించిన సింహాల కథలు.