వెలిగే రసాయనాలతో క్యాన్సర్ పరీక్ష: కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ త్రీ (డిగ్రీ) సైన్స్ రెండో ఏడు, కెమిస్ట్రీ ఆనర్స్. క్యాన్సర్ గడ్డ ముక్కల్లో వెలుగునిచ్చే రసాయనాలతో జబ్బు తీరు కనిపెట్టే పనిలోకి వెళ్తానంటోంది. మేం బీఎడ్ చేయిద్దామనుకున్నాం. దీనికి ఉద్యోగాలుంటాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పేది గాలిమాట కాదు, ఆసుపత్రుల్లో జరుగుతున్న పనే. రొమ్ము క్యాన్సర్ సంగతే చూడండి. కొందరిలో గడ్డను వేగంగా పెంచే హెర్2 అనే జన్యువు ఉంటుంది, మామూలు పరీక్షలో దాని ఫలితం అటూ ఇటూ తేలకపోతే ఫిష్ అనే పరీక్ష చేస్తారు. గడ్డ ముక్కను నాలుగైదు మైక్రాన్ల మందంలో కోసి, స్లైడు మీద పరిచి, హెర్2 జన్యువుకు అతుక్కునే ప్రోబ్ (వెలిగే రసాయనం తగిలించిన చిన్న డీఎన్ఏ ముక్క) వేస్తారు. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో చూస్తే నీలి కేంద్రకంలో హెర్2 ఎర్రచుక్కలుగా, ఆ జన్యువుండే 17వ క్రోమోజోము ఆకుపచ్చ చుక్కలుగా కనిపిస్తాయి. కనీసం ఇరవై కణాల్లో వాటిని ఓపిగ్గా లెక్కపెట్టాలి. ఎర్రచుక్కలు బాగా పెరిగి, పచ్చవాటికి రెండింతలో అంతకు మించో ఉంటే హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి మందు ఆ మనిషికి పనికొచ్చే అవకాశం ఉంది. లెక్క తప్పితే అందాల్సిన మందే అందదు.

అయితే ఒకటి ముందే తెలుసుకోవాలి. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేది పాథాలజిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన డాక్టరు. స్లైడు తయారుచేసే ఉద్యోగానికి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ కోర్సు కావాలి. మీ అమ్మాయి బలం వేరేచోట ఉంది, ప్రోబ్‌ల తయారీలో. వెలుగు త్వరగా మాసిపోకూడదు, పాడవకుండా ఫార్మలిన్ ద్రావణంలో ఉంచిన కణజాలం తనంతట తానిచ్చే వెలుగుతో కలిసిపోకూడదు. ఇవన్నీ కెమిస్ట్రీ తేల్చాల్సిన చిక్కులే. వెలుగునిచ్చే అతి సూక్ష్మ కణాలైన క్వాంటమ్ డాట్స్‌కు 2023లో నోబెల్ వచ్చింది కూడా కెమిస్ట్రీలోనే. కాబట్టి బయోటెక్ అనే పేరు చూసి ఇప్పుడు సబ్జెక్టు మార్పించకండి.

ఇది పొడుగాటి దారి, దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీ ఐదేళ్ల దాకా. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే నెలకు 37,000 రూపాయలతో ఫెలోషిప్ మొదలవుతుంది, ఆ ఐదేళ్లూ మీ మీద భారం పడదు. నెట్ రాకపోతే ఎమ్మెస్సీ తర్వాత కూడా బీఎడ్ చేయొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అని వెనుకాడొద్దు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఈలోగా స్పెక్ట్రోస్కోపీ పాఠాలు గట్టిగా చదవమనండి. మీకు దగ్గర్లో బరంపురం ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) ఉంది. అక్కడి కెమిస్ట్రీ అధ్యాపకులకు వేసవి ప్రాజెక్టు కోసం తనే మెయిల్ రాయాలి, ఏ పని మీద ఆసక్తో రెండు వాక్యాల్లో స్పష్టంగా చెప్పాలి.