ఇనుము చాలకపోతే ఫైటోప్లాంక్టన్ తగ్గడమే కాదు, మారిపోతుంది

"సముద్రంలో ఇనుము తక్కువైతే ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలుతూ, మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు) ఎదగదంటారు, దాని ఒంట్లోని పదార్థాలు కూడా మారతాయా?" అని అడిగారు. మారతాయి. నన్నడిగితే ఎదుగుదల కంటే ఆ మార్పే పెద్ద సంగతి. మన విజయవాడ, గుంటూరు కోచింగుల్లో మాత్రం దాని ఒంట్లో కార్బన్, నత్రజని, ఫాస్ఫరస్ అణువుల నిష్పత్తి 106:16:1 అని బట్టీ పట్టించి వదిలేస్తారు. ఆ వరసలో ఇనుమూ లేదు, సిలికానూ లేదు. అసలు కథంతా ఆ రెండింటిదే.

ఇది నాకు పుస్తకంలో కాదు, తెనాలి దగ్గర మా బాబాయి పొలంలో అర్థమైంది. ఆ ఏడు కాలువలకు నీళ్లు ఆలస్యమయ్యాయి. దమ్ము చేసి నాట్లేసే దారి లేక వెద పెట్టాడు. మొలక బాగానే వచ్చింది. కొన్నాళ్లకు కొత్తగా వచ్చే ఆకులు పసుపు తిరిగి, ఆ తర్వాత తెల్లగా పాలిపోయాయి. మందుల కొట్టతను యూరియా చల్లమన్నాడు, చల్లాడు. ఒక్క ఆకు పచ్చబడలేదు. "బస్తాలు బస్తాలు పోశాన్రా, తింటంలా ఇది" అని గట్టు మీద కూలబడ్డాడు. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పండాలి. ఇక్కడ లేతాకులు తెల్లబోయాయంటే ఇనుము లోపమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టించాం, తర్వాత మళ్లీ ఓసారి. కొత్తాకు పచ్చగా వచ్చింది. ఏ తెగులుకైనా ముందు యూరియా బస్తా చూపించే కొట్లు మన జిల్లాలో ఇంకా ఉండటం నాకు కడుపుమంట.

మడిలో నీళ్లు నిలిస్తే ఇనుము కరిగి వేరుకు అందుతుంది. ఆరితే గాలి తగిలి తుప్పై కూర్చుంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రానిదీ అదే బాధ. ఆక్సిజన్ నిండిన ఉప్పునీటిలో ఇనుము కరిగి నిలవదు, రేణువులై అడుగుకు దిగిపోతుంది. నత్రజని రూపమైన నైట్రేట్ మాత్రం పుష్కలంగా మిగిలిపోతుంది. ఆ నైట్రేట్‌ను అమ్మోనియాగా మార్చుకునే ఎంజైములకే ఇనుము కావాలి మరి.

ఇనుము అందని కణం చేసే మొదటి పని పొదుపు. పత్రహరితం తగ్గించుకుంటుంది. ఇనుముతో పనిచేసే ఫెర్రిడాక్సిన్ అనే ప్రోటీన్‌ను పక్కన పెట్టి, ఇనుము అక్కర్లేని ఫ్లేవోడాక్సిన్‌తో నెట్టుకొస్తాయి చాలా జాతులు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనవి డయాటమ్‌లు. ఇవి గాజులాంటి సిలికా పెంకు కట్టుకునే జీవులు. ఇనుము సరిపడా ఉంటే సిలికాన్, నత్రజని దాదాపు సమానంగా తీసుకుంటాయి. కొరత వస్తే ఆ నిష్పత్తి రెండు మూడు రెట్లకు పెరుగుతుందని 1998లో నేచర్ పత్రికలో రెండు పరిశోధనలు వచ్చాయి. కొన్ని జాతుల్లో సిలికా పెరిగి, కొన్నింట్లో నత్రజని తగ్గి అలా అవుతుంది. పెంకు బరువెక్కితే త్వరగా మునుగుతుంది. పైనీటిలో నైట్రేట్ మిగిలి ఉండగానే సిలికాన్ ఖాళీ అవుతుంది. ఆ నీరే లోపలి పొరల్లో ఉత్తరానికి ప్రయాణించి వేరే సముద్రాలకు పోషకాలు అందిస్తుంది. అంటే దక్షిణాన ఇనుము కరువు ఎక్కడో వేల మైళ్ల అవతలి డయాటమ్‌లకు సిలికాన్ కరువు తెస్తుంది.

"సగం ట్యాంకరు ఇనుమిస్తే మంచుయుగం తెస్తా"నని అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1988లో అన్న మాటను వీడియోల్లో తెగ చెబుతుంటారు. ఇనుము చల్లితే ఫైటోప్లాంక్టన్ పెరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి భూమిని చల్లబరుస్తుందని ఆయన లెక్క. 2009లో మన గోవా సముద్ర శాస్త్ర సంస్థ, జర్మనీ వాళ్లు కలిసి దక్షిణ సముద్రంలో ఇనుము చల్లి చూసిన లోహాఫెక్స్ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు అరుదు. అక్కడ చల్లింది మన అన్నభేదే. ప్లాంక్టన్ పెరిగింది, కానీ డయాటమ్‌లు కాదు. పెరిగినదాన్ని చిన్న చిన్న జంతువులు మేసేశాయి, లోతుకు చేరిన కార్బన్ స్వల్పం. దాంతో ఇనుము పనిచేయదని తేల్చేశారు కొందరు. నేనొప్పుకోను. ఆ నీటిలో సిలికాన్ ముందే అడుగంటింది, డయాటమ్ పెంకు దేనితో కట్టుకుంటుంది?