మీ అమ్మ గురించి పుస్తకం వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి అమ్మ మీద చిన్న పుస్తకం వేయాలని ఉందనీ, ఎన్నిసార్లు కాగితం ముందు కూర్చున్నా "మా అమ్మ ప్రేమమూర్తి" అన్న వాక్యం దగ్గరే ఆగిపోతున్నాననీ రాశావు. ఆ వాక్యం కొట్టెయ్ తల్లీ. అందులో అబద్ధమేమీ లేదు, కానీ ఏ అమ్మ గురించి రాసినా సరిపోతుంది. మా బడిలో పనిచేసిన పెద్దల మీద ఇలాంటి పుస్తకాలు కొన్ని దగ్గరుండి వేయించాను. అట్టలు మారిస్తే లోపలి మనిషి కూడా మారిపోయేంతగా అన్నీ ఒకేలా ఉండటం చూశాను. మీ అమ్మ విషయంలో అలా కాకూడదని నా ఆశ.

ముందు ఊరికి వెళ్ళు. బీరువా, ఆల్బములు, ఉత్తరాల కట్ట ఎక్కడికీ పోవు. మనుషులు పోతారు. 1991లో మన నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు మీ అమ్మ దగ్గర పలక పట్టినవాళ్ళలో చాలామందికి అప్పటికే ముప్పై, నలభై ఏళ్ళు. ఇప్పుడు వాళ్ళ వయసెంతో లెక్క వేసుకో. సాయంత్రం పలకల సంచి భుజాన వేసుకుని గడప దాటే అమ్మను మీరు చూశారు. రాత్రి అలసిపోయి వచ్చి చల్లారిన అన్నం తినే అమ్మను చూశారు. ఆ మధ్య రెండు గంటలు ఆమె ఎలా ఉండేదో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళకే తెలుసు.

కలిగిరి వైపు పొగాకు పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో వెళ్ళకు. పగలు వాళ్ళు ఇళ్ళల్లో ఉండరు, రాత్రికి మాట్లాడే ఓపిక ఉండదు. పనులు తగ్గాక, అన్నాలు తినేసి అరుగుల మీద కూర్చునే వేళకు వెళ్ళు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని ముందే అడుగు, సరే అంటే పక్కన పెట్టి మర్చిపో. "మా అమ్మ ఎలాంటి మనిషి?" అని మాత్రం అడగొద్దు. "దేవత లాంటిదమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. లాంతరు ఎవరింటిది? కిరసనాయిలు ఎవరు పోసేవాళ్ళు? వాన వస్తే ఎక్కడ కూర్చునేవాళ్ళు? మా అమ్మ ఎవరినైనా కసురుకుందా? చదువు మధ్యలో మానేసింది ఎవరు, ఎందుకు? ఇలాంటివి అడుగు. లాంతరు సంగతి అడిగితే లాంతరు కింద కూర్చున్న మనుషులందరూ వస్తారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు "కాదక్కా, ఆ రోజు అట్ల జరగలా" అని అడ్డు తగులుతారు. ఆపకు. ఆ తగువులోనే అసలు సంగతి తేలుతుంది.

నాకు తెలిసినది ఒకటి చెబుతాను, ఇది కూడా నీ పుస్తకంలో పెట్టుకో. నేను పక్క ఊరి అక్షరదీపం కేంద్రం చూసేదాన్ని. ఒక సాయంత్రం ఏదో పని మీద మీ అమ్మ కేంద్రానికి వచ్చాను. ఒకావిడ పలక ముందు పెట్టుకుని ఏడుపు ముఖంతో కూర్చుని ఉంది. "నా చేతికి అక్షరం రాదమ్మా, గడ్డపార పట్టిన చెయ్యి ఇది" అంటోంది. మీ అమ్మ ఏమీ అనలేదు. ఎవరింట్లోంచో ముగ్గుపిండి తెప్పించి, "సందు చుక్క పదిహేను ఎనిమిది, పెట్టు" అంది. ఆవిడ వంగి చకచకా చుక్కలు పెట్టేసి, మెలికలు కూడా మొదలుపెట్టింది. సగంలో మీ అమ్మ ఆపింది. ఆ మెలికల పక్కనే నేల మీద ముగ్గుతో పెద్ద "ర" గీసింది. "ఇందులో ఎన్ని వంపులున్నాయి, నీ ముగ్గులో ఎన్ని ఉన్నాయి? ఏది కష్టం?" అని అడిగింది. ఆవిడ ఆ "ర" మీదే వేలు తిప్పి తిప్పి, తర్వాత పక్కన తనే ఇంకొకటి వేసింది. ఇది వాచకం చూసి చేసింది కాదు. మీ అమ్మకు ముగ్గుల పిచ్చి ఉండబట్టి ఆ క్షణాన తట్టింది.

అందుకే అమ్మ సరదాలు ఒక అధ్యాయం, అమ్మ సేవ ఒక అధ్యాయం అని విడగొట్టవద్దంటున్నాను. ఆమె ముగ్గుల నోటుపుస్తకం మీ ఇంట్లో ఉండాలి, పొడుగు రూళ్ళ పుస్తకం. ప్రతి ముగ్గు కిందా చుక్కల లెక్క, ఎదురు చుక్కో సందు చుక్కో, ఎవరి దగ్గర నేర్చుకుందో రాసి పెట్టేది. ఆ చివరి సంగతి చూశావా? తను చదువు చెప్పిన ఆడవాళ్ళ పేర్లు కూడా అందులో ఉంటాయి. వాళ్ళ దగ్గర ఈమె ముగ్గు నేర్చుకుంది. ఆ పేజీలు యథాతథంగా అచ్చు వేయించు, నూనె మరకలతో సహా.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. స్మారక పుస్తకాల్లో ప్రేమ కొద్దీ గొప్పలు దొర్లుతాయి. మీ అమ్మ సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపించిందని ఎవరైనా చెప్పినా అలా రాయొద్దు. 1992లో మన జిల్లాలోని దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ సంగతి చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది. కొత్తగా అక్షరాలు వచ్చిన ఆడవాళ్ళు ఊరూరా దాన్ని కూడబలుక్కుని చదివి, మనమెందుకు చేయకూడదని లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇందులో మీ అమ్మ చేసిన పని ఇంత: ఆ పాఠం తన కేంద్రంలో చదివించింది. ఆడవాళ్ళు దుకాణం ముందు కూర్చున్నప్పుడు తనూ వెళ్ళి కూర్చుంది. పైసా జీతం లేని పని. అంతే రాయి. ఉన్నదున్నట్టు రాస్తేనే ఊళ్ళోవాళ్ళు చదివి "అవును" అంటారు. ఒక్కటి పెంచి రాసినా మిగతావి కూడా నమ్మరు.

అప్పటి పేపర్లలో మీ ఊరి పేరు వచ్చి ఉండొచ్చు. జిల్లా గ్రంథాలయంలో అడుగు. వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరున్నది, 1918 నాటి గ్రంథాలయం. ఫోన్ చేసి ఏ సంవత్సరాల ఫైళ్ళున్నాయో కనుక్కున్నాకే బయలుదేరు.

ఇప్పుడు నీకు కష్టమైన సంగతి. ఆ రోజుల్లో నువ్వు రెండో తరగతి. చీకటి పడేసరికి అమ్మ ఇంట్లో ఉండేది కాదని నీకు కోపం. మీ నాయన కూడా "ఊరోళ్ళ చదువులు నీకెందుకు, మన పిల్ల చదువు చూడు" అని గొడవపడిన రోజులున్నాయి. నీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అమ్మ సేవ చేసింది, మేమంతా అండగా నిలబడ్డాం అన్నట్టు రాసుకొచ్చావు. ఆ కోపం రాయి తల్లీ. నాన్న గొడవా రాయి, ఆయన్ని అడిగి రాయి. ఆయన వద్దనరని నా నమ్మకం. తర్వాత తర్వాత లాంతరు గాజు తుడిచి పెట్టింది ఆయనే. ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగిందని, పిల్ల అలిగి అన్నం తినకుండా పడుకుందని చదివితేనే ఆ రెండు గంటలు ఆమె ఏం వదులుకుని వెళ్ళిందో ఎదుటివాళ్ళకు తెలుస్తుంది. ఇబ్బంది ఏమీ లేకుండా చేసినట్టు రాస్తే ఆమె చేసినదాన్ని మనమే తక్కువ చేసినట్టు.

అయితే రాయకూడనివి కూడా ఉన్నాయి. కేంద్రానికి వచ్చే ఆడవాళ్ళు తాగొచ్చి కొట్టే మొగుళ్ళ సంగతి మీ అమ్మకు చెప్పుకుని ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు నీకూ చెబుతారు. పేరు పెట్టి వేయొద్దు, వాళ్ళు వేసుకోమన్నా సరే. ఆ ఇళ్ళల్లో ఇప్పుడు కోడళ్ళు, మనవళ్ళు ఉన్నారు. ఊరు, పేరు, ఆనవాలు తీసేసి రాయొచ్చు. చిన్న ఊళ్ళో ఆనవాలు ఎంత సులువుగా దొరుకుతుందో నీకు తెలుసు కాబట్టి, అనుమానం వస్తే పూర్తిగా వదిలెయ్. మీ అమ్మ ఆ మాటలు నాకు కూడా చెప్పేది కాదు.

ఫోటోల పని ఓపికగా చెయ్యి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకొద్దు, ఫ్రేముతోనే ఫోటో తీయించు. వెనక పేర్లు రాయాలంటే బాల్‌పెన్ వాడకు, అచ్చు ముందుకు పడుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయి. గ్రూపు ఫోటోలు మీ నాయనకు, మీ మేనత్తకు విడివిడిగా చూపించి పేర్లు చెప్పించు, ఇద్దరూ ఒకే పేరు చెబితే నమ్ము. ఫోన్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈ రోజే వేరే చోట దాచుకో. ఫోన్ పోతే అవీ పోతాయి. భక్తిరంజనితో పాటు కూనిరాగం తీసే అలవాటు ఆమెకు చివరిదాకా ఉంది, ఏ మెసేజ్‌లోనో వెనకాల రేడియో వినపడుతుందేమో చూడు.

అచ్చు విషయానికి వస్తే, డీటీపీ చేసేవాళ్ళలో చాలామంది "అను" అనే రకం ఫాంట్లలో కొడతారు. పుస్తకం బాగానే వస్తుంది కానీ రేపు నువ్వు ఫోన్‌లో ఎవరికైనా పంపాలంటే ఆ అక్షరాలు పనికిరావు. నువ్వే ముందు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో కనిపించే మామూలు తెలుగు అక్షరాల్లో, టైపు చేసి ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. పేజీలు పదహారు పదహారుగా ఫారాల లెక్కన అచ్చవుతాయి. ముప్పై రెండు పేజీలు చాలు, అంతకు మించి సాగదీయకు. ఆర్ట్ పేపరు, బంగారు అక్షరాల అట్ట మీద డబ్బు పోయకు.

ఆ డబ్బుతో అక్షరాల సైజు పెంచు. ఈ ఒక్క మాటా తప్పకుండా విను. ఈ పుస్తకం మీ బంధువులకే అనుకుంటే మామూలు సైజు చాలు. మీ అమ్మ దగ్గర చదువు నేర్చుకున్నవాళ్ళు చదవాలి కదా. ముప్పై ఏళ్ళకు అక్షరం నేర్చుకుని, ఆ తర్వాత ఓటరు స్లిప్పు, రేషన్ కార్డు తప్ప పెద్దగా చదవని కళ్ళు అవి. పద్దెనిమిది పాయింట్లకు తగ్గకుండా, వరుసల మధ్య ఖాళీ వదిలి వేయించు. వాక్యాలు పొట్టిగా రాయి. "మాతృమూర్తి", "దివంగతులైనారు", "సేవాతత్పరత" లాంటి మాటలు తీసెయ్. అమ్మ అను, చనిపోయింది అను, ఊరికే చదువు చెప్పింది అను. ప్రెస్సుకు ఇచ్చే ముందు రాసినది పట్టుకెళ్ళి వాళ్ళలో ఒకరి చేత రెండు పేజీలు బయటికి చదివించు. ఎక్కడ తడబడితే ఆ వాక్యం తిరగరాయి. ఎంత చదువుకున్నవాళ్ళు దిద్దినా ఇంత బాగా దిద్దలేరు.

పొగాకు పనులు తగ్గాక నాకూ తీరికే. కలిగిరి బస్టాండుకు వచ్చి ఫోన్ చెయ్యి, నేనూ నీతో ఊళ్ళోకి వస్తాను. వాళ్ళలో ఇద్దరు ముగ్గురి ఇళ్ళు నాకు తెలుసు, మిగతావాళ్ళ దగ్గరికి వాళ్ళే తీసుకెళ్తారు. వచ్చేటప్పుడు ముగ్గుల పుస్తకం మర్చిపోకు. ఎవరి పేరు ఏ పేజీలో ఉందో వాళ్ళకు చూపించాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ