‘అల్ షాబ్’ అనాలా, ‘అష్షఅబ్’ అనాలా?

సందేహం: ఈజిప్టు లేబర్ పార్టీ పత్రిక పేరు ఒక వ్యాసంలో ‘అల్ షాబ్’ అని, మరొక చోట ‘అష్షఅబ్’ అని చదివాను. ఏది సాధువు?
– ఒక పాఠకుడు

సమాధానం: ఉచ్చారణకు రెండోదే దగ్గర. ఆ పేరును అరబ్బీ లిపిలో చూడండి: అలిఫ్, లామ్, షీన్, ఐన్, బే. లామ్ రాతలో ఉంటుంది, నోటికి రాదు. పక్కనున్న షీన్ దాన్ని తనలో కలుపుకొని ద్విత్వమవుతుంది. నాలుక ముందు భాగంతో పలికే 14 హల్లులకు ఈ గుణం ఉంది. ‘అష్షమ్స్’, అంటే సూర్యుడు, అన్న మాటను బట్టి వీటికి సూర్యాక్షరాలని పేరు. తక్కినవి చంద్రాక్షరాలు, ‘అల్ ఖమర్’లో లామ్ చెక్కుచెదరదు. ఉత్+లాసము ఉల్లాసమైన సంధి, సత్+జనుడు సజ్జనుడైన సంధి ఈ జాతివే. నిజాముద్దీన్, అబ్దుర్రహ్మాన్ అని తరతరాలుగా చక్కగా పలుకుతున్న మనం పత్రిక పేరు దగ్గర మాత్రం ఇంగ్లిషు స్పెల్లింగును పట్టుకు వేలాడడం నాకు మింగుడుపడదు.

‘షాబ్’లో దీర్ఘమూ అలా వచ్చి చేరిందే. అక్కడున్నది గొంతులో పుట్టే ఐన్. నిజంగా దీర్ఘం పలికితే యువకుడనే వేరే మాట వినిపిస్తుంది.

షఅబ్ అంటే ప్రజలు. ఇబ్రహీం షుక్రీ నాయకత్వంలోని పార్టీ 1979లో ఈ పత్రికను మొదలుపెట్టింది. 1981 సెప్టెంబరులో అధ్యక్షుడు సాదాత్ ప్రతిపక్షాలపై విరుచుకుపడినప్పుడు ఇదీ మూతపడింది. మళ్లీ వెలువడ్డాక, 1985లో ఒకప్పటి మార్క్సిస్టు ఆదిల్ హుసేన్ సంపాదకుడై దీన్ని ఇస్లామిక రాజకీయాల వైపు తిప్పాడు. 1987 ఎన్నికల్లో పార్టీ ఇస్లామిక సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌తో జతకట్టింది. వ్యవసాయ మంత్రి యూసుఫ్ వాలీపై రాసిన రాతలకు 1999లో సంపాదకుడు మగ్దీ హుసేన్ జైలుకెళ్లాడు. మరుసటి ఏడు సిరియా రచయిత హైదర్ హైదర్ నవలపై పత్రిక రెచ్చగొట్టడంతో కైరోలోని ఇస్లామిక విశ్వవిద్యాలయం అల్ అజ్‌హర్ విద్యార్థులు వీధికెక్కారు. ఆ మే నెలలోనే పార్టీ కార్యకలాపాలను స్తంభింపజేసి, పత్రికను ఆపేశారు. మంత్రిని నిలదీసిన కలం ఒక నవలపైకి జనాన్ని ఉసిగొల్పడం తప్పే. అందుకని పత్రిక నోరు నొక్కడం అంతకన్నా తప్పు.

ఇక మీ ప్రశ్న. నేనైతే అష్షఅబ్ అనే రాస్తాను. షఅబాన్ నెలను షాబాన్ అంటున్నాం కాబట్టి ‘అష్షాబ్’నూ కాదనలేను. ‘అల్ షాబ్’ మాత్రం ఉన్న అక్షరాలను ఉన్నట్టు ఎక్కించే గ్రంథాలయ పట్టికలకు పరిమితమైతే మంచిది.